తోకచుక్కకు భయపడాలా?

ఉర్దూలో దుమ్‌దార్ సితారా, తెలుగులో తోకచుక్క. ఏ భాషలో పిలిచినా దాని వెంట ఒక భయం కూడా మన ఇళ్లలోకి వచ్చింది. తోకచుక్క పొడిస్తే రాజుకు చేటనీ, రాజ్యానికి కరువనీ పూర్వం చెప్పుకునేవారు. డాబా ఎక్కి చూద్దామని పిల్లవాడు మారాం చేస్తే, "వద్దు బేటా, అరిష్టం" అని వారించే దాదీమాలు ఇప్పటికీ లేకపోలేదు.

ఇస్లాం ఈ భయానికి ఏనాడో సమాధానం చెప్పింది. దైవప్రవక్త ముహమ్మద్ (స) పసి కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజే సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ మృతికే సూర్యుడు మసకబారాడని మదీనాలో కొందరు అనుకున్నారు. పుత్రశోకంలో ఉండి కూడా ప్రవక్త (స) ఆ మాటను అంగీకరించలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ నిదర్శనాలనీ, ఎవరి చావు పుట్టుకల వల్లా వాటికి గ్రహణం పట్టదనీ బోధించారు. నమాజు చేయమన్నారు. సూర్యునికి వర్తించిన మాట తోకచుక్కకు వర్తించదా?

ఈ బోధను మరచిన చోట నష్టం జరిగింది. 1577లో ఇస్తాంబుల్‌లో తఖీయుద్దీన్ అనే పండితుడు పెద్ద తోకచుక్కను చూశాడు. అది సుల్తాన్ మూడవ మురాద్‌కు శుభసూచకమని జోస్యం చెప్పాడు. ఆ దరిదాపుల్లోనే ప్లేగు ప్రబలింది. 1580లో సుల్తాన్ ఆజ్ఞతోనే ఆయన వేధశాలను కూల్చివేశారు.

మన హైదరాబాద్‌లో మరో కథ నడిచింది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ నిజామియా వేధశాలకు పునాది వేశారు. తరువాత అది బేగంపేటకు మారింది. అక్కడ పనిచేసిన ఉద్యోగి కుమారుడే వైను బప్పు. నిజాం కాలేజీలో చదివి హార్వర్డ్ వెళ్లిన ఆ యువకుడు 1949లో ఒక కొత్త తోకచుక్కను కనుగొన్నాడు. ఆకాశాన్ని గమనించే ఇంట్లో పెరిగిన బిడ్డ అతడు.

ఇంతకూ తోకచుక్క అంటే మంచు, ధూళి కలిసిన గడ్డ. సూర్యుని దగ్గరకు వచ్చినప్పుడు ఆ మంచు ఆవిరై, ధూళిని వెంట తెస్తుంది. సూర్యకాంతి, సౌరపవనాలు వాటిని వెనక్కి నెడతాయి. అందుకే తోక ఎప్పుడూ సూర్యునికి ఎదురు దిక్కుకే ఉంటుంది. హేలీ తోకచుక్క సుమారు 76 ఏళ్లకొకసారి వస్తుంది. 1910లో వచ్చింది, 1986లో వచ్చింది. 2023 డిసెంబర్‌లో అతి దూరపు మలుపు తిరిగి మళ్లీ మనవైపు బయలుదేరింది. 2061 జూలైలో సూర్యుని చేరుతుంది. సూర్యచంద్రులు ఒక లెక్క ప్రకారం నడుస్తాయని దివ్యఖుర్‌ఆన్ తెలుపుతుంది. ఈ బాటసారి ప్రయాణంలోనూ ఆ లెక్క కనిపిస్తుంది.

అన్నీ అలా ముందే చెప్పి రావు. 1996లో హ్యకుతాకె, 2020లో నియోవైజ్ కనుగొన్న కొద్ది నెలలకే కంటికి కనిపించాయి. 1997లో హేల్-బాప్, 2024 అక్టోబర్‌లో చుచిన్‌షాన్-అట్లాస్ కనువిందు చేశాయి. తరువాతిది ఏ రాత్రయినా రావచ్చు.

మీర్‌పేట్ వాసులకు ఒక చిక్కుంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ దీపాల వెలుతురులో మసక తోకలు కలిసిపోతాయి. కుటుంబంతో నాగార్జునసాగర్ రోడ్డున ఇబ్రహీంపట్నం దాటి వెళితే చీకటి చిక్కబడుతుంది. ఆ దిక్కునే జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు వేధశాల నిర్మించారు. తోకచుక్క సాయంత్రం కనిపించేదైతే మగ్రిబ్ తరువాత పడమర చూడాలి. వేకువన కనిపించేదైతే ఫజ్ర్ అజాన్‌కు ముందే లేచి తూర్పు చూడాలి. బైనాక్యులర్ ఉంటే మంచిదే గానీ, సూర్యుడు ఉండగా దాన్ని అటువైపు తిప్పకూడదు.

భూమ్యాకాశాల సృష్టిని గురించి ఆలోచించేవారిని ఖుర్‌ఆన్ మెచ్చుకుంటుంది. నేడు పదేళ్లున్న పిల్లలు 2061 నాటికి తల్లిదండ్రులై ఉంటారు. ఇప్పుడే వారిని డాబా ఎక్కించి నక్షత్రాలు చూపిస్తే, ఆనాడు వారు తమ పిల్లలను లోపలికి పిలవరు, బయటకు పిలుస్తారు. ఇన్షా అల్లాహ్.