దక్కను బీళ్ళు – వృక్షజాతుల వైవిధ్యమునకు కారణములు

తెలుగువారు తరతరములుగా స్థిరపడిన షోలాపురము, బళ్ళారి, కోయంబత్తూరు మున్నగు ప్రాంతములలో ఊరి పొలిమేర దాటినంతనే బీళ్ళు కనుపించును. వేసవిలో అవి ఎండుగడ్డి పరచిన మెట్టనేలలుగా మాత్రమే తోచును. అందుచేత వానిని బంజరులనుట పరిపాటియైనది. కాని వానలు పడిన నెలకు ఆ నేలను పరికించినచో, పలువిధముల గడ్డి నడుమ వెంపలి, విష్ణుక్రాంతము, పల్లేరు వంటి చిన్న మొక్కలెన్నో కానవచ్చును. ద్వీపకల్ప భారతమందలి ఇట్టి బయళ్ళలో తప్ప లోకమున మరెచ్చటను లేని వృక్షజాతులు 200కు పైగా నున్నవని 2022లో వెలువడిన యొక పరిశోధన తెలిపినది. అట్టి ప్రత్యేకజాతులు రూపొందుటకు సుదీర్ఘకాలము పట్టును. కావున బీళ్ళన్నియు అడవులు నరకగా మిగిలిన నేలలే యను వాదము నిలువదు.

ఈ వైవిధ్యమునకు మొదటి కారణము వర్షము. పడమటి కనుమల చాటున నుండుటచే ఈ మెట్ట ప్రాంతములలో అనేకభాగములకు ఏటికి 500 మొదలు 750 మిల్లీమీటర్ల వాన మాత్రమే లభించును. అదియు కొలదినెలలలోనే కురియును. మిగిలిన కాలమంతయు బ్రతుకుటకు ఒక్కొక్క మొక్కది ఒక్కొక్క ఉపాయము. బహువార్షికములైన గడ్డిదుబ్బులు వేళ్ళ బలముతో నిలుచును. ఏకవార్షికములు విత్తనరూపమున నిద్రించును. నక్కవుల్లి వంటివి భూమిలోని గడ్డయందు జీవమును దాచుకొనును. ఒక ఏటి వాన ఒకదానికి, మరుసటి ఏటి వాన వేరొకదానికి అనుకూలించుటచే ఏ జాతియు సర్వము నాక్రమింపజాలదు.

రెండవది నేల. 1954–62 సంవత్సరముల నడుమ జరిగిన సర్వే ననుసరించి భారతదేశపు తృణభూములను ఐదు వర్గములుగా విభజించిరి. దక్కనునకు చెందిన వర్గమునకు సెహిమా, డైకాంథియమ్ అను రెండు గడ్డిజాతుల పేర్లు పెట్టిరి. సెహిమా గరపనేలలయందును, డైకాంథియమ్ లోతైన రేగడియందును వృద్ధిపొందును. తమిళదేశమున స్థిరపడిన మన పూర్వులలో అనేకులు ఆ రేగడినే ఎన్నుకొని సేద్యము చేసిరి. లోతైన నేలలు పొలములు కాగా, నేటికి మిగిలిన బీళ్ళలో అధికభాగము నాగలికి లొంగని పలుచని నేలలే.

పలుచని నేలయందు ఇన్ని జాతులెట్లు నిలుచును? ఈ సందేహమును తీర్చునట్టి ప్రసిద్ధమైన ప్రయోగము ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ క్షేత్రమున 1856లో ఆరంభమై నేటికిని సాగుచున్నది. అచ్చట ఎరువు వేయని మళ్ళలో 40కి చేరువగా వృక్షజాతులు నిలిచియున్నవి. ఏటేట అమ్మోనియా ఎరువు పడి, సున్నము పడక ఆమ్లగుణము హెచ్చిన మళ్ళలో రెండు మూడు జాతులే మిగిలినవి. ఎరువు లభించినచోట వేగముగా పెరుగు గడ్డి తక్కిన మొక్కలకు వెలుతురు చొరనీయదు. నేల పుల్లబడుటయు పెక్కుజాతులకు హాని చేయును. శీతలదేశమందలి ఆ పచ్చికకును మన బీళ్ళకును భేదము లేకపోలేదు. అయినను నేల బలిసినకొలది మొక్కల రకములు తగ్గవచ్చునను సూత్రము ఉభయత్ర గమనింపదగినది.

మూడవది మేత. గడ్డి చిగురించు మొన నేలకు చేరువగా నుండుటచే పశువు కొరికినను అది మరల పెరుగును. మితమైన మేత ఎత్తైన గడ్డిని అణచి, పొట్టి మొక్కలకు ఎండ తగులనిచ్చును. మేత మితిమీరినచో సెహిమా వంటి మంచి గడ్డి నశించి, పశువులు అంతగా ముట్టని చీపురుగడ్డి, వెంపలి వ్యాపించును. కాంగేయము ప్రాంతపు రైతులు ఈ మర్మమెరిగినవారు. వారు ‘కొరంగాడు’ అను మేతనేలలకు ముళ్ళకిలువ కంచెలు పెంచి, వంతులవారీగా పశువులను తోలి, ఒక్కొక్క మడికి విశ్రాంతి నిత్తురు.

నిప్పు కూడ ఇట్టిదే. అప్పుడప్పుడు చెలరేగు మంట ఎండిన దుబ్బులను కాల్చి క్రొత్త మొలకలకు చోటిచ్చును. ఏటేట తగులబెట్టినచో కొన్ని జాతులు కోలుకొనజాలవు.

కడపటి కారణము ఎండ. ఉష్ణదేశపు గడ్డిజాతులలో పెక్కింటికి తీవ్రమైన ఎండలో ఆహారము తయారుచేసికొను ప్రత్యేకశక్తి గలదు. నీడయందు ఆ శక్తి నిష్ప్రయోజనమగును. అచ్చటచ్చట నిలిచిన తెల్లతుమ్మ బీడునకు సహజమే కాని, దట్టముగా నాటిన తోట బీడును చంపును. కర్ణాటకమందు 1974లో ప్రకటింపబడిన రాణీబెన్నూరు కృష్ణమృగాభయారణ్యమున యూకలిప్టస్ తోటలు విస్తరించుటచే బయలు కుంచించుకుపోయినది.

హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము సహకారముతో వెలువడిన బంజరుభూముల పటసంపుటములందు, 2019 నాటి దానితో సహా, పొదలు గల బీళ్ళు బంజరులుగనే లెక్కింపబడినవి. బంజరని వ్రాసినంతనే దానిని దున్నుటయో, చెట్లతో నింపుటయో ధర్మమని తోచును. కాని పైన చెప్పిన కారణములన్నియు ఒక్క సత్యమునే చూపుచున్నవి: కొద్దివాన, పలుచని నేల, మితమైన మేత, నిండైన ఎండ – ఇవియే బీటి సంపద. మన ఊళ్ళలో చెట్లు నాటు ఉత్సవములు జరుపు సంఘములు బడి ఆవరణములను, బాటల ప్రక్కలను ఎన్నుకొని, మేతబీళ్ళను బీళ్ళుగనే ఉండనిచ్చుట మేలు.