గట్టు మీది గుడిసెలో నెత్తురు కరువు

గిరిజనులనగానే మనకు పాడేరు కొండలు, రంపచోడవరం అడవులు గుర్తుకు వస్తాయి. కాని గుడివాడ, బందరు పరిసరాలలోను, అవనిగడ్డ దాటి నాగాయలంక, కోడూరు వైపు దివిసీమలోను కాలవ గట్ల మీద, చెరువుల ప్రక్కన గుడిసెలు వేసుకొని ఉండే యానాదులు కూడ షెడ్యూల్డు తెగవారే. మనది ఏజెన్సీ కాదు గనుక, ఒక్కొక్క చోట నాలుగైదు ఇండ్లే గనుక వారు ఎవరి కంటా పడరు.

ఆ గుడిసెలోని గర్భిణిని చూడండి. కంటి క్రింది రెప్ప లోపల ఎరుపు ఉండవలసిన చోట తెల్లగా పాలిపోయి ఉంటుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. మట్టి, పచ్చి బియ్యం నమలాలని కోరిక. పనిలో వెనుకబడితే సోమరిదంటారు. అది సోమరితనం కాదు, జబ్బు. హిమోగ్లోబిన్ గర్భిణికి 11 గ్రాములకు, తక్కిన స్త్రీలకు 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత. గర్భిణికి 7 గ్రాములకు తగ్గిందంటే, మరొకరు తట్టుకోగల కాన్పు రక్తస్రావమే ఆమె ప్రాణం తీయవచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏండ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అంటే మన ఇండ్లలోనూ ఉన్నదన్నమాట.

యానాదుల తిండిని చూచి నవ్వేవారున్నారు. మేమైతే దానిని మంచి తిండి అంటాము. ఎలుక కన్నానికి కుండతో పొగబెట్టి ఎలుకలను పట్టేవారు. అవి దాచుకొన్న వరి కంకులను త్రవ్వి తెచ్చుకొనేవారు. కాలవలో పరిగెలు, జెల్లలు, పీతలు, నత్తలు, గట్టున పొన్నగంటికూర. మాంసంలో, చేపలో ఉన్న ఇనుము ఒంటికి తేలికగా పడుతుంది. దానితో కలిపి తిన్న ఆకుకూరలోని ఇనుమును కూడ పట్టేలా చేస్తుంది.

1980ల నుండి వరి పొలాలు చేపల చెరువులయ్యాయి, తరువాత రొయ్యల చెరువులూ వచ్చాయి. కాలవలో పరిగెకు యజమాని లేడు, చెరువులో చేపకు ఉన్నాడు. రాత్రంతా ఆ చెరువుకు కాపలా ఉండేది యానాదే. చేప మాత్రం అతనిది కాదు. కంచంలో మిగిలింది రేషను బియ్యం, కారం, పైన టీ. అన్నంతోబాటు త్రాగే టీ ఉన్న కాస్త ఇనుమును కూడ ఒంటికి పట్టనివ్వదు. (రేషను బియ్యంలో కలిపిన ఇనుము గింజలను ప్లాస్టిక్ బియ్యమనుకొని ఏరి పారవేసిన ఇండ్లున్నాయి. అవి మంచివే.)

కడుపులో మరొక దొంగ ఉన్నాడు, కొంకిపురుగు. మలం కలిసిన తడి నేల మీద చెప్పులు లేని పాదం గుండా లోపలికి పోయి, పేగును పట్టుకొని నెత్తురు పీలుస్తుంది. గట్టు మీద మరుగుదొడ్డి ఎక్కడిది? దీనికి ఆల్బెండజోల్ మాత్ర ఉన్నది. గర్భిణికి మొదటి మూడు నెలలు దాటాకనే ఇస్తారు.

ఇనుము మాత్రలను ప్రభుత్వం 1970 నుండి ఇస్తూనే ఉన్నది. నాలుగవ నెల నుండి రోజుకొకటి చొప్పున 180 రోజులు మ్రింగాలి. విరేచనం నల్లబడిందని కొందరు, వికారమని కొందరు, బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని కొందరు మానివేస్తారు. నల్లబడటం సహజమే, భయం లేదు. రాత్రి భోజనం తరువాత వేసుకొంటే వికారం తగ్గుతుంది. బిడ్డ లావవుతుందన్నది వట్టి మాట.

అంగన్‌వాడీలో గ్రుడ్డు, పాలు ఇస్తారు. కాని కేంద్రం ఊరిలో, గుడిసె పొలం మధ్య. మన స్త్రీల కూడికవారు ఆశా కార్యకర్తను వెంటబెట్టుకొని ఒక సాయంకాలం గట్టు మీదికి వెళ్ళవచ్చు. పగలు వెళ్తే ఎవరూ ఉండరు, కూలికి పోతారు. ఆ గర్భిణి పేరు అంగన్‌వాడీ పుస్తకంలో ఉన్నదా, రేషను కార్డు, ఆధారు ఉన్నవా అని ముందుగా అడగండి.