మీ అమ్మాయి బ్యాగులోని ‘హంగర్ గేమ్స్’ గురించి



పోయిన పేరెంట్-టీచర్ మీటింగ్‌లో ఒక అమ్మగారు బ్యాగులోంచి నల్ల అట్ట పుస్తకం ఒకటి తీసి నా టేబుల్ మీద పెట్టారు. “పిల్లలు పిల్లల్ని చంపుకునే కథట మేడమ్. ఎయిత్ క్లాస్ పిల్లకి ఇది అవసరమా?” అని అడిగారు. కాసేపాగి అసలు మాట చెప్పారు. ఈ పుస్తకం మొదలుపెట్టాక వాళ్లమ్మాయి, ఇంట్లో పనిచేసే ఆవిడకి టీ గ్లాసు వేరుగా ఎందుకు పెట్టారని అడుగుతోందట. ఆ హడావిడిలో సరిగా జవాబు చెప్పలేకపోయాను. అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

అది సుజాన్ కాలిన్స్ రాసిన ‘ది హంగర్ గేమ్స్’. 2008లో వచ్చింది. ఇలాంటి కథల్ని డిస్టోపియా అంటారు. ఇప్పుడున్న ఒక అన్యాయం ఇలాగే పెరిగిపోతే రేపటి లోకం ఎలా ఉంటుందో చూపించే కథలివి.

పానెమ్ అనే దేశంలో క్యాపిటల్ అనే సంపన్న నగరం ఉంటుంది. దాని కింద 12 డిస్ట్రిక్టులు. ఒకరు బొగ్గు తవ్వాలి, ఒకరు చేపలు పట్టాలి, ఒకరు పంట పండించాలి. తినేది మాత్రం క్యాపిటల్. ఒకప్పుడు తిరగబడినందుకు శిక్షగా, ఏటా ఒక్కో డిస్ట్రిక్టు నుంచి 12 నుంచి 18 ఏళ్ల లోపు అమ్మాయినీ అబ్బాయినీ చీటీ తీసి, మొత్తం 24 మందిని పోరాటానికి దింపుతారు. ఒక్కరు మిగిలేదాకా టీవీలో చూపిస్తారు.

క్లాసులో నేను ముందు ఆ చీటీల లెక్క బోర్డు మీద వేస్తాను. 12వ ఏట పేరు మీద ఒక చీటీ. తర్వాత ఏడాదికొకటి పెరుగుతుంది. 16 ఏళ్లకి 5. అయితే ఇల్లు గడవని పిల్లలు అదనంగా చీటీ వేయించుకుంటే, ఒక మనిషికి ఏడాదికి సరిపడా కొంచెం గింజలు, నూనె ఇస్తారు. కథానాయిక కాట్నిస్ తనకి, అమ్మకి, చెల్లికి కలిపి ఏటా 3 చొప్పున ఐదేళ్లు తీసుకుంది. అవి 15. మొత్తం 20 చీటీలు. అదే వయసున్న మేయర్ గారి అమ్మాయికి 5 మాత్రమే.

“రూల్ అందరికీ ఒకటే కదా మేడమ్, మరి తప్పెక్కడుంది?” అని ఒక బాబు అడిగాడు. ఆ రోజు పీరియడ్ అంతా ఆ ప్రశ్న మీదే గడిచింది. పిల్లలు అలా ఆలోచించాలనే ఈ పుస్తకం చదివిస్తాం.

2015లో వచ్చిన విక్టోరియా అవేయార్డ్ ‘రెడ్ క్వీన్’ కూడా మన లైబ్రరీలో బాగా తిరుగుతోంది. అందులో వెండి రంగు రక్తం ఉన్నవాళ్లు ప్రభువులు, ఎర్ర రక్తం ఉన్నవాళ్లు సేవకులు, సైనికులు. పుట్టుకతోనే మనిషి స్థానం నిర్ణయమైపోవడం మనకి తెలియని సంగతేమీ కాదు.

హింస మాటకొస్తే, బకాసురుడి కథ మనమే చెబుతాం. వంతుల వారీగా ఇంటికొకరు, బండెడు అన్నంతో సహా రాక్షసుడికి ఆహారం కావాలి. కాలిన్స్ కూడా అలాంటి గ్రీకు కథనే తలచుకున్నారు. ఏథెన్స్ పిల్లల్ని మినోటార్‌కి బలిగా పంపే కథ అది. భయం ఉన్నా, అన్యాయాన్ని గుర్తుపట్టడం నేర్పుతాయి కాబట్టే ఇలాంటి కథలు ఇంతకాలం నిలిచాయి.

అయినా జాగ్రత్త అవసరమే. మొదటి భాగం ఎనిమిదో తరగతి నుంచి చదవొచ్చని నా అభిప్రాయం. మూడో భాగం ‘మాకింగ్‌జే’లో యుద్ధం, చిత్రహింసలు ఉన్నాయి. దాన్ని తొమ్మిది, పది తరగతుల దాకా ఆపండి. అందులో తిరుగుబాటు నాయకుల్ని కూడా గుడ్డిగా నమ్మొద్దని రచయిత్రి చూపిస్తారు. ఎదిరించడం ఒక్కటే సరిపోదని పిల్లలకి అక్కడ అర్థమవుతుంది.

వీలైతే మీరూ ఒక అధ్యాయం చదవండి. “నువ్వు క్యాపిటల్‌లో పుట్టి ఉంటే ఏం చేసేదానివి?” అని భోజనాల దగ్గర అడిగి చూడండి. ఫీజు కట్టి చదువుకుంటున్న మన పిల్లలకి కాట్నిస్ కంటే ఆ ప్రశ్నే దగ్గరిది.

టీ గ్లాసు సంగతికి ఏ పుస్తకంలోనూ జవాబు దొరకదు. అది ఇంట్లో పెద్దవాళ్లు చెప్పాలి. అమ్మాయి అడగడం మాత్రం మానకుండా చూడండి.

మీ
ఇంగ్లీష్ టీచర్