జీడి పిక్క ధర - ఓడ కిరాయి

గోగునారకు ఒకప్పుడు విదేశపు బజారులో "బిమ్లిపటం జూటు" అని పేరు. నార పండినది విజయనగరం, శ్రీకాకుళం మెట్ట పొలాలలో. పేరు దక్కినది భీమునిపట్నం రేవుకు. సరకు ఓడ యెక్కిన చోటే బయటి లోకమునకు తెలియును గాని, పండిన చోటు తెలియదు.

ఆ రేవులో ఓడ ఒడ్డుకు వచ్చెడిది కాదు. దూరముగా లోతు నీటిలో లంగరు దించి నిలిచెడిది. నార కట్టలను బండి నుండి గిడ్డంగికి, గిడ్డంగి నుండి ఒడ్డుకు, ఒడ్డున పీచు త్రాళ్ళతో కుట్టిన మసూలా పడవలలోనికి, పడవ నుండి ఓడలోనికి చేర్చెడివారు. చేయి మారిన ప్రతిసారి కూలి. తడిసినది, చిరిగినది నష్టము. కెరటములు లేచిన రోజున పని ఆగిపోవును, ఓడ ఊరక నిలిచిన రోజులకు కూడ ఖర్చు పడును. కళింగపట్నంలోను, బారువలోను పద్ధతి ఇదే. ఈ ఖర్చులన్నియు భరించినది ఓడవాడు కాదు, షావుకారును కాదు. నారకు ధర కట్టునపుడే షావుకారు వాటిని తీసివేసి, మిగిలినది రైతుకు చెప్పెడివాడు.

1890-1900 నడుమ తూర్పు తీరపు రైలు వచ్చినది. అది విజయనగరం, చీపురుపల్లి, ఆమదాలవలస, నౌపడ, పలాసల మీదుగా పోయినది గాని భీమిలికి, కళింగపట్నమునకు పోలేదు. 1931 నాటికి రాయపూరు - విజయనగరం లైను పూర్తి అయినది. 1933లో విశాఖపట్నం రేవు తెరిచిరి. అక్కడ ఓడ గట్టునకే చేరును, రైలుపెట్టె ఓడ ప్రక్కకే వచ్చును. అటుపైన పాత రేవులకు సరకు తగ్గి, ఓడలు రావడమే మానివేసినవి. కళింగపట్నంలో దీపస్తంభము మాత్రము నేటికిని నిలిచియున్నది.

ఇది పాత కథ. ఇప్పుడు దీనిని ఎత్తుటకు కారణము ఉద్దానంలో ఒక రైతు నన్నడిగిన ప్రశ్న. పిక్కల కాలములో ఒక తోటలో కూర్చుండగా ఆయన అన్నాడు: "అదెలగండి బాబూ, సముద్రాలు దాటొచ్చిన పిక్క మా తోటలో పిక్క కన్నా సవకెలగవుతాది?" నేను వెంటనే జవాబు చెప్పలేకపోయితిని.

పలాస కర్మాగారములకు స్థానిక పిక్కలు ఏడాది పొడుగునా చాలవు. కావున ఆఫ్రికా దేశముల పిక్కలను కూడ తెప్పింతురు. టాంజానియాలో పంట అక్టోబరు నుండి డిసెంబరు వరకు వచ్చును. ఆ పిక్క ఓడ దిగి గిడ్డంగిలో చేరునప్పటికి మన తోటలలో పిక్క రాలుట మొదలగును. పశ్చిమ ఆఫ్రికాలో ఐవరీ కోస్టు మొదలగు దేశముల పంట ఇంచుమించు మన పంటతోపాటే వచ్చి, వానకాలమునకు ఇక్కడికి చేరును. అనగా మార్చి, ఏప్రిల్ మాసములలో మన రైతు బస్తా దించునప్పటికి కొనువాని చేతిలో ముందటి నిల్వయు, వెనుక రాబోవు సరకు ధరయు రెండును ఉన్నవన్నమాట.

ఇక అంత దూరపు పిక్క చౌక యెట్లగును? దీనికి మూలము ఒక ఇనుప పెట్టె. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో మెక్లీన్ అను లారీల యజమాని 58 పెట్టెలను ఓడపై కట్టి న్యూఆర్కు నుండి హూస్టనుకు పంపెను. విడి సరకు ఎక్కించుటకు టన్నుకు దాదాపు 6 డాలర్లు అగుచుండగా, పెట్టెలతో 16 సెంట్లు మాత్రమే అయినదట. దీనినే కంటైనరు అందురు. తోట దగ్గరి గిడ్డంగిలో తలుపు మూసిన పెట్టెను కర్మాగారములోనే తెరువవచ్చును. మధ్యలో ఎన్ని చేతులు మారినను మారునది పెట్టెయే గాని బస్తా కాదు. గోగునార గోనెలకు గిరాకి తగ్గుటకు ప్లాస్టిక్ సంచులతోపాటు ఈ పెట్టెయు ఒక కారణమే.

లెక్క చూడుడు. ఇరువది అడుగుల పెట్టెలో ఉజ్జాయింపుగా 80 కిలోల బస్తాలు 200, అనగా 16 టన్నుల పిక్క పట్టుననుకొందము. పెట్టె కిరాయి లక్ష రూపాయలైన బస్తాకు పడునది 500 రూపాయలు. ఆ కిరాయి మూడు లక్షలైన బస్తాకు 1,500. అదే పెట్టెలో పప్పు పంపినచో, నాలుగు టన్నుల పిక్కకు సుమారు టన్ను పప్పు వచ్చును గనుక, నాలుగు పెట్టెల పిక్క ఒక్క పెట్టెలో ఇమిడిపోవును. పప్పు విలువ హెచ్చు గనుక కిరాయి పెరిగినను పప్పు తట్టుకొనును, పిక్క తట్టుకొనలేదు. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలే. అసలు కిరాయి వారము వారము మారుచుండును.

2021లో కరోనా వలన పెట్టెలు దొరకక కిరాయిలు అనేక రెట్లు పెరిగినవి. ఆ సంవత్సరము మార్చిలో ఒక ఓడ సూయజు కాలువలో అడ్డముపడి ఆరు రోజులు దారి మూసినది. 2023 చివర ఎర్ర సముద్రములో దాడులు మొదలు కాగా అనేక ఓడలు ఆఫ్రికా దక్షిణపు కొన చుట్టి యూరపునకు పోవలసి వచ్చినది. కిరాయి పెరిగిన దిగుమతి పిక్క ప్రియమై మన పిక్కకు కొంత రక్షణ కలుగునని తోచును. అది సగము నిజము. పరాయి పిక్క రాక కర్మాగారము సగము నెలలు మూతపడినచో, రేపు మన పిక్కకు పోటీపడి కొనువాడెవడు? ఓడ కిరాయి పెరుగుటను కోరుకొనుట పొరుగువాని చేను ఎండవలెనని కోరుకొనుట వంటిదని నా అభిప్రాయము.

కిరాయి ఒక్కటే కాదు, ఓడ ఎన్నాళ్ళకొకసారి వచ్చును, నేరుగా పోవునా అన్నదియు ముఖ్యమే. విశాఖ కంటైనరు రేవు 2003 నుండి పనిచేయుచున్నది. అయినను దూర దేశములకు పోవు పెట్టెలు అనేకము కొలంబో, సింగపూరు వంటి చోట్ల దిగి పెద్ద ఓడ యెక్కును. ఒకసారి దిగి యెక్కుటకు డబ్బును, రోజులును అగును. సంతబొమ్మాళి మండలములో మూలపేట రేవునకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగినది. రేవు మన గుమ్మములోనికి వచ్చుట మేలే. కాని గట్టు కట్టినంత మాత్రమున పెట్టెల ఓడ రాదు. పోవునపుడును వచ్చునపుడును సరకు నిండునన్న నమ్మకము ఉన్నచోటికే అది వారము తప్పక వచ్చును. ఈ సంగతి భీమిలి మనకు ముందే చూపినది.

రైతు సోదరులారా, ఓడ కిరాయి మన చేతిలో లేదు. బస్తాలోని నీరు మాత్రము మన చేతిలోనే యున్నది. నూటికి 16 వంతుల తేమ గల క్వింటాలు పిక్కను 8 వంతులకు ఆరబెట్టిన మిగులునది 91 కిలోలు. తక్కిన 9 కిలోలు నీరే. కొనువాడు ఆ నీటికి ధర ఇవ్వడు సరికదా, అనుమానముతో అంతకు రెట్టింపు కోయును. తడి పిక్క గిడ్డంగిలో బూజు పట్టి పప్పు పసుపు రంగు తిరుగును. ఆఫ్రికా పిక్కను కొనువారు బస్తాకు ఎన్ని పౌనుల పప్పు దిగునో నమూనా కోసి చూచి ధర కట్టుదురు. మన పిక్కను చాలచోట్ల కంటిచూపుతో కొందురు. ఇందు మనకే నష్టము. నలుగురు రైతులు కలిసి ఒకే రకము పిక్కను లారీ నిండా కూర్చి, నమూనా కోయించి అమ్మినచో, బేరము మాటల మీద గాక పప్పు దిగుబడి మీద నడచును.

ఆరబెట్టుటకు గచ్చు కళ్ళము గాని టార్పాలిను గాని మేలు, మట్టినేల కూడదు. రెండు మూడు రోజులు మంచి యెండలో పలుచగా పరచి, అప్పుడప్పుడు తిరుగవేయవలెను. సాయంకాలము కుప్ప చేసి కప్పవలెను. చాలినంత ఎండినదో లేదో తెలియుటకు గోటితో నొక్కి చూడుడు, నొక్కు పడరాదు. గుప్పెడు పిక్కలు చేతిలో ఆడించిన గలగల చప్పుడు రావలెను. ఆ తరువాతనే గోనెలో నింపి, నేలకు తగులకుండ చెక్కల మీద పేర్చవలెను.