ఆముదం పొగా? లైపో ప్యాకా?

రేడియో కంట్రోల్ హెలికాప్టర్ కొనాలనుకునేవాళ్లకు మొదట ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: నైట్రోనా, ఎలక్ట్రికా? దుకాణంలో అడిగితే వాళ్ల దగ్గర స్టాకున్నది మంచిదంటారు. మైదానంలో పాతకాపుల్ని అడిగితే తాము ఎగరేసేదే మంచిదంటారు. కాసేపు ఇద్దర్నీ పక్కన పెట్టి లెక్క చూద్దాం.

పోలికకు 600 సైజు తీసుకుందాం. రెక్క ఒక్కొక్కటి 600 మిల్లీమీటర్లు, మొత్తం బరువు మూడు కిలోలు అటూ ఇటూ. నైట్రోలో ఇదే సైజును 50 క్లాస్ అంటారు. ఆ 50 ఇంజన్ కొలత: 0.50 ఘనపు అంగుళాలు, అంటే 8.2 సీసీ. రెక్కలు అవే, చట్రమూ దాదాపు అదే. తిప్పేది మాత్రం వేరు.

నైట్రో ట్యాంకులో 380 మిల్లీలీటర్ల ఇంధనం పడుతుంది, బరువు 350 గ్రాములు. అందులో సగం మిథనాల్, 30 శాతం దాకా నైట్రోమీథేన్, మిగిలింది నూనె. నూనెను వదిలేసి చూసినా అందులో దాదాపు 1,200 వాట్-అవర్ల శక్తి ఉంది. ఎలక్ట్రిక్‌లో పెట్టేది ఆరు సెల్స్ లైపో (లిథియం పాలిమర్) ప్యాక్. 22.2 వోల్టులు, 5 ఆంపియర్-అవర్లు, గుణిస్తే 111 వాట్-అవర్లు. బరువు 800 గ్రాములకు దగ్గర. అంటే రెండింతల బరువు మోస్తూ పదో వంతు శక్తితో పైకి లేవాలి. ఈ లెక్క ఒక్కటే చూస్తే ఎలక్ట్రిక్ వైపు ఎవరూ తిరిగి చూడకూడదు.

కానీ ఎగిరే సమయం చూడండి. నైట్రో ఎనిమిది, తొమ్మిది నిమిషాలు. ఎలక్ట్రిక్ ఐదు, ఆరు. పదింతల శక్తి ఉన్నవాడు రెండింతల సేపైనా ఎగరలేకపోతున్నాడు. మిగతాదంతా సైలెన్సర్ గొట్టంలోంచి, సిలిండర్ చుట్టూ ఉన్న రెక్కల్లోంచి వేడిగా పోతోంది. కొంత ఇంధనం కాలకుండానే బయటికి వస్తోంది. చిన్న టూ-స్ట్రోక్ ఇంజన్ తాగినదాంట్లో ఎనిమిదో వంతు పనిగా మార్చితే గొప్ప. బ్రష్‌లెస్ మోటారు తనకిచ్చిన కరెంటులో 85 శాతానికి పైగా ఇరుసుకు అందిస్తుంది.

ఇంత చేసినా సమయంలో నైట్రోదే పైచేయి. అయినా మైదానాల్లో ఇవాళ ఎక్కువగా కనిపించేది ఎలక్ట్రికే. కారణం శక్తి ఎంత ఉందన్నదాంట్లో లేదు, అది ఎంత తొందరగా చేతికొస్తుందన్నదాంట్లో ఉంది.

విమానానికి వేగం పెంచాలంటే ఇంజన్ వేగం పెంచుతాం. హెలికాప్టర్‌లో అలా కాదు. పైనున్న రోటర్ ఎప్పుడూ ఒకే వేగంతో తిరగాలి. ఈ సైజులో అది నిమిషానికి 2,000 చుట్లకు అటూ ఇటూ. పైకి లేవాలన్నా, దిగాలన్నా మారేది రెక్కల వాలు. స్టిక్ పైకి తోస్తే, రెక్కల వాలు మార్చే పలక అయిన స్వాష్‌ప్లేట్ లేచి రెండు రెక్కలూ ఒకేసారి ఎక్కువ వాలుకు తిరుగుతాయి, ఎక్కువ గాలిని కిందికి నెడతాయి. మిక్సీలో నానిన పప్పు వేయగానే గరగర కుంగుతుంది చూడండి, ఆ క్షణంలో రోటర్‌కీ అదే జరగబోతుంది. బరువు పడిన ఆ సెకనులో పదో వంతులోనే అదనపు తిప్పుడు బలం అందకపోతే వేగం పడిపోతుంది. వేగం పడితే పైకెత్తే బలం పడుతుంది, తోక రోటర్ కూడా నెమ్మదించి మూతి పక్కకు తిరుగుతుంది.

ఎలక్ట్రిక్‌లో ఈ పని స్పీడ్ కంట్రోలర్ చూసుకుంటుంది. మోటారు వేగం తగ్గుతోందని పసిగట్టి ఎక్కువ కరెంటు వదులుతుంది. మంచి ప్యాక్ కొద్ది సెకన్లపాటు 130 ఆంపియర్లు ఇవ్వగలదు, అంటే మూడు కిలోవాట్లకు దగ్గర. 8.2 సీసీ ఇంజన్ ఎంత గింజుకున్నా ఒకటిన్నర కిలోవాట్లు దాటదు. అదీ థ్రాటిల్ తెరుచుకుని, గాలీ ఇంధనమూ లోపలికొచ్చి, మండి, వేగం అందుకున్నాకే. అందుకే నైట్రోలో పిచ్ కర్వ్‌కు తగ్గట్టు థ్రాటిల్ కర్వ్ కూర్చుకోవాలి. రెక్క వాలు ఇంత పెరిగితే థ్రాటిల్ ఇంత తెరవాలని ట్రాన్స్‌మిటర్‌కు ముందే చెప్పి ఉంచడమన్నమాట. రోటర్ వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నర్ పెట్టినా ఇంజన్‌లో లేని బలాన్ని అది ఎక్కడినుంచి తెస్తుంది?

ఇక్కడ నైట్రో పక్షాన ఒక మాట చెప్పాలి. ఇంజన్ కుంగడం చెవికి వినిపిస్తుంది. స్టిక్ మోటుగా తోసేవాడిని అది అక్కడికక్కడే మందలిస్తుంది. నైట్రో మీద నేర్చుకున్నవాళ్ల చెయ్యి మెత్తగా ఉంటుంది. ఎలక్ట్రిక్ తప్పులన్నీ మౌనంగా క్షమిస్తుంది, బిల్లు బ్యాటరీ మీద రాస్తుంది.

ఇక ఆ ఇంజన్ లోపలి సంగతి. స్కూటర్ ఇంజన్‌లో ఉన్నట్టు దీనికి స్పార్క్ ప్లగ్ ఉండదు. గ్లో ప్లగ్ ఉంటుంది: చిన్న లోహపు గూట్లో చుట్టిన ప్లాటినం తీగ. మొదట ఒకటిన్నర వోల్టు బ్యాటరీ తగిలించి తీగను ఎర్రగా కాలుస్తారు. ఇంజన్ అందుకున్నాక బ్యాటరీ తీసేస్తారు, అయినా తీగ ఎర్రగానే ఉంటుంది. మిథనాల్ ఆవిరి ప్లాటినాన్ని తాకినప్పుడు జరిగే చర్యలో వేడి పుడుతుంది. ఆ వేడి, ముందటి మంట మిగిల్చిన వేడి, పిస్టన్ నొక్కుడుకు పుట్టే వేడి కలిసి తర్వాతి విడత ఇంధనాన్ని అంటిస్తాయి. అమెరికాలో రే ఆర్డెన్ 1947లో ఈ ప్లగ్‌ను మార్కెట్లోకి తెచ్చాకే చిన్న ఇంజన్లకు కాయిల్, కండెన్సర్ల బరువు తప్పింది. పెట్రోల్ పోస్తే ఇది పనిచేయదు. ప్లాటినంతో ఆ సఖ్యత మిథనాల్‌కే ఉంది.

నైట్రోమీథేన్ ఎందుకు కలుపుతారన్నది ఇంకా ఆసక్తికరం. కిలోకు కిలో చూస్తే దానిలో ఉన్న శక్తి మిథనాల్‌లో సగమే. కానీ దాని అణువులోనే ఆక్సిజన్ ఉంది. ఒక కిలో పెట్రోల్ మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, మిథనాల్‌కు ఆరున్నర కిలోలు, నైట్రోమీథేన్‌కు 1.7 కిలోలు చాలు. సిలిండర్‌లో పట్టే గాలి అంతే కాబట్టి, ఆ గాలితో ఎక్కువ ఇంధనాన్ని మండించగలగడమే లాభం.

నూనె దగ్గరికి వస్తే, అది మనకు బాగా తెలిసిందే: ఆముదం. ఇవాళ సింథటిక్ నూనెలు వాడినా చాలా ఇంధనాల్లో కాస్త ఆముదం కలుపుతూనే ఉన్నారు. మిథనాల్‌లో మామూలు ఇంజన్ ఆయిల్ కరగదు, ఆముదం కరుగుతుంది. ఇంజన్ మితిమీరి వేడెక్కినా లోహం మీద పొరగా అంటుకుని నిలబడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో రోటరీ ఇంజన్ల యుద్ధ విమానాలు ఎగిరింది దీనితోనే. నాగర్‌కర్నూల్, నల్లగొండ చెలకల్లో పండే గింజకు ఈ ఇంజన్‌తో చుట్టరికం ఉందంటే నమ్మశక్యంగా ఉండదు కానీ, ఎగ్జాస్ట్ వాసన ఒక్కసారి పీలిస్తే సందేహం తీరిపోతుంది.

ఆ నూనె మండదు. పొగతో పాటు బయటికొచ్చి తోక బూమ్ మీద, స్కిడ్‌ల మీద, కారు డిక్కీలో, చొక్కా మీద పేరుకుంటుంది. ప్రతి సాయంత్రం తుడవాల్సిందే. ట్యాంకులో మిగిలిన ఇంధనం వంపేసి, గొట్టంలో ఉన్నదాన్ని కూడా ఇంజన్ తిప్పి కాల్చేసి, బేరింగుల్లోకి నాలుగు చుక్కలు ఆఫ్టర్-రన్ ఆయిల్ వేయాలి. మిథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది, మండగా మిగిలినవి ఆమ్లాలవుతాయి. బద్ధకించి ఊరుకుంటే వారంలో బేరింగులు తుప్పు పట్టి గరగరమంటాయి.

అసలు విద్య నీడిల్ తిప్పడంలో ఉంది. కార్బురేటర్ పక్కన ఉండే ఈ చిన్న మర ఎంత ఇంధనం లోపలికి రావాలో నిర్ణయిస్తుంది. ఎక్కువైతే దట్టమైన తెల్ల పొగ, మొద్దు నడక. తక్కువైతే పొగ పలచబడి ఇంజన్ కీచుమంటుంది. మొదట బలం పెరిగినట్టే ఉంటుంది, ఆపైన సిలిండర్ కాలి పిస్టన్ గీరుకుపోతుంది. దిగగానే క్రాంక్‌కేస్ వెనక పలక మీద వేలు పెట్టి చూస్తారు. మూడు నాలుగు సెకన్లు వేలు ఆగితే సరే, ఆగకపోతే మరను కొంచెం వదులు చేస్తారు. ఇదీ ఒక్క రోజుతో తీరేది కాదు. విశాఖ సముద్రపు ఒడ్డున సరిచేసిన నీడిల్ హైదరాబాద్‌లో సరిపోదు. 540 మీటర్ల ఎత్తులో గాలి ఐదు శాతం పలచన, అదే నీడిల్‌తో మిశ్రమం చిక్కనవుతుంది, కాస్త బిగించాలి. 20 డిగ్రీల ఉదయానికీ 42 డిగ్రీల మే మధ్యాహ్నానికీ మధ్య గాలి మరో ఏడు శాతం పలచబడుతుంది. ఎలక్ట్రిక్‌కు ఈ బాధలో సగమే. రెక్కల కింద గాలి పలచబడటం దానికీ తప్పదు, మోటారు మాత్రం గాలి పీల్చదు.

అసలు గాలే పలచనైన చోటికి వెళ్లిన హెలికాప్టర్ ఒకటుంది. నాసా ఇంజెన్యుటీ బరువు 1.8 కిలోలు, రోటర్ 1.2 మీటర్లు. కొలతల్లో మన 600 సైజుకు దాయాదే. అంగారకుడి మీద గాలి సాంద్రత మన దగ్గరి దాంట్లో నూటికి ఒక వంతు, అదీ ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్. మండించుకునే ఇంజన్‌కు అక్కడ పీల్చడానికే ఏమీ లేదు. లిథియం బ్యాటరీతో నిమిషానికి దాదాపు 2,500 చుట్లు తిరుగుతూ 2021 ఏప్రిల్ 19న మొదటిసారి లేచి, 2024 జనవరి దాకా 72 సార్లు ఎగిరింది. దాని చీఫ్ ఇంజనీర్ బాబ్ బలరామ్ చదివిన బడుల్లో మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ ఒకటి.

లైపో వచ్చేదాకా ఎలక్ట్రిక్ నిజంగానే వెక్కిరింతకు గురైన సరుకు. జర్మనీలో డీటర్ ష్లూటర్ 1970లో రేడియో హెలికాప్టర్‌ను 11.5 కిలోమీటర్లు ఎగరేసి చూపిన నాటినుంచి మూడు దశాబ్దాలు గ్లో ఇంజన్లదే రాజ్యం. నికెల్-కాడ్మియం బ్యాటరీలూ బ్రష్ మోటార్లూ తమ బరువు తామే మోయలేక ఆయాసపడేవి. 2000 తర్వాత లిథియం పాలిమర్, బ్రష్‌లెస్ మోటారు దాదాపు ఒకేసారి చవకవడంతో ఆట మారిపోయింది.

అలాగని లైపో సాధువేం కాదు. సెల్ నిండితే 4.2 వోల్టులు, మూడుకు దిగితే పాడవుతుంది. అందుకే నూటికి ఎనభై వాడి దించేయాలి. ట్యాంకు ఖాళీ అయితే నైట్రో ఆగిపోతుంది, మళ్లీ నింపుకోవచ్చు. ప్యాక్‌ను చివరిదాకా పిండితే ప్యాకే పోతుంది. నిండుగా వారాల తరబడి వదిలేస్తే ఉబ్బుతుంది. దాచాలంటే సెల్‌కు 3.8 వోల్టులకు తెచ్చి పెట్టాలి. ఎండలో కారులో వదిలిన ప్యాక్ తెచ్చి వెంటనే ఎగరేస్తే దాని ఆయుష్షు మన చేతులారా కోసినట్టే. ఛార్జింగ్‌లో అంటుకుంటే మామూలుగా ఆరదు, కాబట్టి గచ్చు మీద, మండే వస్తువులకు దూరంగా, మనిషి ఎదురుగా ఉండగానే ఛార్జ్ చేయాలి. నైట్రో డబ్బా కూడా తక్కువేం కాదు. మిథనాల్ మంట పట్టపగలు కంటికి ఆనదు. కల్తీ సారా వార్తల్లో కళ్లు పోగొట్టేదీ ప్రాణాలు తీసేదీ ఈ మిథనాలే.

రెక్కల చివర మాత్రం తేడా లేదు. 2,000 చుట్ల దగ్గర అవి గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంటాయి. 2013 సెప్టెంబరులో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక పందొమ్మిదేళ్ల కుర్రవాడు తన సొంత హెలికాప్టర్ రెక్క తగిలి చనిపోయాడు. నైట్రో పనిచేస్తున్నప్పుడు గోల చేసి దగ్గరికి రానివ్వదు. ఎలక్ట్రిక్‌కు ప్లగ్ పెట్టగానే చప్పుడు లేకుండా ప్రాణం వస్తుంది. అందుకే సెట్టింగులు మార్చేటప్పుడు మోటారు పినియన్‌ను పెద్ద గేరుకు దూరంగా జరిపి పెట్టుకుంటారు.

మరి ఏది కొనాలి? మొదటి హెలికాప్టర్ అయితే తడుముకోకుండా ఎలక్ట్రిక్, అదీ చిన్నది. ఆ సైజుల్లో నైట్రో ఊసే లేదు. అంతకన్నా ముందు కంప్యూటర్‌లో సిమ్యులేటర్. ఎందుకంటే హోవర్, అంటే గాల్లో ఒకేచోట నిలపడం, నేర్చుకోవడమూ నీడిల్ నేర్చుకోవడమూ రెండూ ఒకేసారి నెత్తిన పెట్టుకుంటే, హెలికాప్టర్ వణికినప్పుడు తప్పు చేతిదో ఇంజన్‌దో తేలదు. నైట్రో తీసుకోవాల్సినవాడు ఇంజన్ మీద మోజున్నవాడు, ఊరికి దూరంగా కరెంటు లేని మైదానంలో పొద్దంతా గడపగలిగినవాడు. రెండు నిమిషాల్లో ట్యాంకు నింపి మళ్లీ లేచిపోతాడు. ఎలక్ట్రిక్ వాడు నాలుగు ప్యాకులు కొనుక్కోవాలి, లేదా జనరేటర్ మోసుకెళ్లాలి. నైట్రోమీథేన్ కలిపిన ఇంధనం మీ ఊళ్లో క్రమం తప్పకుండా దొరుకుతుందో లేదో ముందు కనుక్కోండి. దొరక్కపోతే మిగతా చర్చంతా వృథా.

అమెరికానుంచి వచ్చే బావమరిదితో తెప్పించుకుందామనుకునేవాళ్లకు ఒక చివరి లెక్క. నైట్రో ఇంధనం విమానం ఎక్కదు, దాని గురించి అడగనే అక్కర్లేదు. విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచిలోనే తేవాలి. అదీ 100 వాట్-అవర్ల దాకా. అది దాటి 160 లోపుంటే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. మనం మాట్లాడుకున్న ఆరు సెల్స్ ప్యాక్ 111. దాని బదులు మూడు సెల్స్ ప్యాకులు రెండు తెమ్మనండి, ఒక్కోటీ 55.5. ఇక్కడ సిరీస్‌లో కలిపితే అదే 22.2 వోల్టులు.