రెండో బ్యాటరీ బిగించే ముందు... ఆల్టర్నేటర్ శక్తిని చూడాలి

అనంతపురం: ఊరూరా తిరిగి సభలు, సినిమాల సమాచారం వినిపించే మైకు బండ్లు, డిక్కీలో భారీ స్పీకర్లు అమర్చుకున్న కార్లు, జాతరలకు, వినాయక నిమజ్జనాలకు తరలివెళ్లే సౌండు వాహనాలు... వీటన్నింటికీ తరచుగా ఎదురయ్యే ఇబ్బంది ఒక్కటే. ఇంజిన్ ఆపి కొంతసేపు పాటలు మోగిస్తే తిరిగి బండి కదలదు. రాత్రివేళ, మెకానిక్ దొరకని దారిలో ఈ పరిస్థితి ఎదురైతే కుటుంబంతో ప్రయాణించేవారు నడిరోడ్డుపై చిక్కుకుపోవలసిందే. దీనికి విరుగుడుగా చాలామంది రెండో బ్యాటరీని ఆశ్రయిస్తున్నారు. సక్రమంగా అమర్చితే అది ఉపయోగకరమే. అయితే లెక్క చూడకుండా తీగలు కలిపితే రెండు బ్యాటరీలూ పాడవడమే కాక, వాహనమే దగ్ధమయ్యే ప్రమాదం పొంచి ఉంటుంది.

కరవు సీమకు మైకు బండి కొత్త కాదు. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడే వరకు 19,130 చదరపు కిలోమీటర్లతో ఆంధ్రప్రదేశ్‌లో అత్యంత విశాలమైన జిల్లా అనంతపురమే. దూరదూరంగా విసిరేసినట్లుండే పల్లెలకు కబురు చేర్చాలంటే బండి మీది మైకే దిక్కు. పాత షెవర్లే వ్యానును ‘చైతన్య రథం’గా మార్చుకుని 1982లో రాష్ట్రమంతా ప్రచారానికి బయలుదేరిన ఎన్టీ రామారావు, అనంతరం 1985, 1989, 1994 ఎన్నికల్లో ఈ ప్రాంతంలోని హిందూపురం నుంచే శాసనసభకు ఎన్నికయ్యారు. నాటి ప్రచార రథాల నుంచి నేటి డీజే వాహనాల వరకు మైకు మోతకు విద్యుత్తు అందించేది బ్యాటరీయే.

బోరు ఎండితే ట్యాంకులెన్ని కట్టినా...

రెండో బ్యాటరీ పెడితే విద్యుత్తు రెట్టింపవుతుందన్నది అపోహ. బ్యాటరీ విద్యుత్తును నిల్వ చేస్తుందే తప్ప ఉత్పత్తి చేయదు. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు విద్యుత్తును తయారుచేసేది ఆల్టర్నేటర్. అనంత రైతుకు ఈ సంగతి సులభంగానే బోధపడుతుంది. బోరు రెండంగుళాల నీరే పోస్తున్నప్పుడు పొలంలో మరో ట్యాంకు కట్టినంత మాత్రాన పైరుకు అదనంగా నీరందదు. రాత్రంతా నింపుకున్న నీటిని పగలు వాడుకునే వెసులుబాటు మాత్రమే కలుగుతుంది. ఇక్కడ ఆల్టర్నేటర్ బోరు, బ్యాటరీ ట్యాంకు. ఇంజిన్ ఆపి వినేవారికి రెండో బ్యాటరీ అక్కరకొస్తుంది. బండి నడుస్తుండగానే హెడ్‌లైట్లు మినుకుమినుకుమంటూ, శబ్దం బొంగురుపోతుంటే లోపం వేరేచోట ఉన్నట్లు. అది ఆల్టర్నేటర్ శక్తి చాలకపోవడం కావచ్చు, తీగలు సన్నగా ఉండటం కావచ్చు, ఎర్త్ కనెక్షన్ సరిగా లేకపోవడం కావచ్చు.

లెక్క ఇలా...

చిన్న కార్లలో సాధారణంగా 35 ఆంపియర్ అవర్ సామర్థ్యం గల బ్యాటరీ ఉంటుంది. ఇంజిన్ ఆపి, సగటున 8 ఆంపియర్లు తీసుకునే సౌండు సిస్టమ్‌ను మోగిస్తే రెండు గంటల్లో దాదాపు సగం నిల్వ ఖర్చవుతుంది. పాతబడిన బ్యాటరీ అయితే ఆ స్థితిలో ఇంజిన్‌ను తిప్పలేకపోవచ్చు. నిలకడగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపితే బ్యాటరీ నిండుగా ఉన్నట్లు. 12.2 వోల్టులకు దిగితే సుమారు సగమే మిగిలినట్లు. 12 వోల్టుల కంటే తగ్గేవరకు పదేపదే వాడితే సీసపు పలకలు త్వరగా దెబ్బతింటాయి.

యాంప్లిఫయర్ పెట్టెపై రాసిన వాట్లకూ అది తీసుకునే విద్యుత్తుకూ తేడా ఉంటుంది. 500 వాట్ల శబ్ద శక్తినిచ్చే పాత తరహా యాంప్లిఫయర్ లోపలికి తీసుకున్నదానిలో కొంచెం ఇంచుమించు సగమే స్పీకర్లకు పంపుతుంది. మిగిలినది వేడిగా మారుతుంది. పూర్తి శబ్దంతో మోగినప్పుడు అది 65 ఆంపియర్లకు పైగా లాగుతుంది. ‘క్లాస్-డీ’ రకమైతే అదే శబ్దానికి సుమారు 46 ఆంపియర్లు సరిపోతాయి. పాటలో హెచ్చుతగ్గులుంటాయి కనుక సగటు వాడకం ఇంతకన్నా బాగా తక్కువ. అయినా తీగలు, ఫ్యూజులు పూర్తి భారాన్ని తట్టుకునేలా ఉండవలసిందే.

చిన్న కార్ల ఆల్టర్నేటర్లు చాలావరకు 60 నుంచి 90 ఆంపియర్ల స్థాయివి. ఆ అంకె ఇంజిన్ వేగంగా తిరుగుతున్నప్పటిది. వీధుల్లో మెల్లగా కదిలే ప్రచార వాహనంలో అందులో సగం కూడా రాకపోవచ్చు. లైట్లు, ఏసీ ఫ్యాను, ఇంజిన్ అవసరాలు పోగా మిగిలేది స్వల్పమే. ఉదాహరణకు 10 ఆంపియర్లు మిగిలాయనుకుంటే, 75 ఆంపియర్ అవర్ బ్యాటరీలో సగం ఖర్చయిన నిల్వను భర్తీ చేయడానికి నాలుగు గంటలు మించి ప్రయాణించాలి. అనంతపురం నుంచి ధర్మవరం వరకు వెళ్లివస్తే అది నిండదు.

రెండింటినీ వేరుచేసే రిలే

రెండు బ్యాటరీలను నేరుగా తీగతో కలిపివేయడం సాధారణంగా జరిగే పొరపాటు. అలా చేస్తే పాటలకు రెండూ ఒకేసారి ఖాళీ అవుతాయి. ఒకటి పాతది, మరొకటి కొత్తది అయితే బలహీనమైనది బలమైనదాన్ని కూడా కుంగదీస్తుంది. అందుకే రెంటి మధ్య ఐసోలేటర్ రిలేను అమర్చాలి. ఇంజిన్ స్టార్టయి వోల్టేజీ సుమారు 13.3కు పెరిగినప్పుడు అది రెండు బ్యాటరీలనూ కలుపుతుంది. ఇంజిన్ ఆగి వోల్టేజీ 12.8 ప్రాంతానికి తగ్గగానే విడదీస్తుంది. పాటలు రెండో బ్యాటరీపైనే నడుస్తాయి. మొదటిది స్టార్టింగ్ కోసం భద్రంగా మిగులుతుంది.

కొన్ని కొత్త కార్లలో ఇంధనం ఆదా కోసం ఆల్టర్నేటర్ వోల్టేజీని కంప్యూటరే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. వాటిలో సాధారణ రిలే సక్రమంగా పనిచేయదు. డీసీ-డీసీ చార్జర్ అవసరమవుతుంది. లిథియం బ్యాటరీ పెట్టదలచినవారికీ ఇదే మార్గం. ఇటువంటి కార్లలో ఫ్యాక్టరీ తీగలను కోస్తే వారంటీ చిక్కులు తలెత్తవచ్చు. కనుక ముందుగా కంపెనీ సర్వీసు కేంద్రంలో విచారించుకోవడం మేలు.

మూరెడు దూరంలోపే ఫ్యూజు

బ్యానెట్ కింది బ్యాటరీ నుంచి డిక్కీ వరకు వెళ్లే కేబుల్ ఎక్కడైనా ఒరుసుకుపోయి బాడీకి తగిలితే వందల ఆంపియర్ల విద్యుత్తు ఒక్కసారిగా ప్రవహిస్తుంది. క్షణాల్లో తీగ ఎర్రగా కాలి సీట్లకు, కార్పెట్‌కు నిప్పంటుకుంటుంది. కాబట్టి ప్లస్ టెర్మినల్ నుంచి మూరెడు దూరంలోపే, అంటే సుమారు 45 సెంటీమీటర్లలోపు, ఫ్యూజు ఉండాలి. కేబుల్‌కు రెండు చివరలా బ్యాటరీలున్నందున ఫ్యూజులూ రెండు కావాలి. ఫ్యూజు అంకె కేబుల్ తట్టుకోగలిగిన దానికి మించరాదు. ఎగిరిపోయిన ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టడం కోరి ప్రమాదం తెచ్చుకోవడమే.

కేబుల్ మందమూ ముఖ్యమే. అయిదు మీటర్ల పొడవున 60 ఆంపియర్లు ప్రవహిస్తే 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌లో నష్టపోయేది 0.2 వోల్టు మాత్రమే. ఆరు చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే దాదాపు 0.9 వోల్టు నష్టమవడమే కాక తీగ ప్రమాదకరంగా వేడెక్కుతుంది. ఎర్త్ తీగను పెయింటు గీకి, శుభ్రమైన లోహంపై బోల్టుతో బిగించాలి. ఇనుప రేకు అంచు గుండా వెళ్లే ప్రతిచోటా కేబుల్‌కు రబ్బరు తొడుగు తప్పనిసరి.

ఎండే మొదటి శత్రువు

ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురిసే ఈ ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. మూసిన కారులో అది మరింత పెరుగుతుంది. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీల పెరుగుదలకు సీసపు బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుందని అంచనా. నీళ్లు పోసే రకం బ్యాటరీల్లో వేసవిలో మట్టాన్ని తరచుగా చూసుకోవాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. లవణాలు అధికంగా ఉండే బోరు నీరు పోస్తే పలకలు పాడవుతాయి.

చార్జింగ్ సమయంలో ఈ రకం బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో అది నాలుగు శాతానికి చేరితే చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. అందువల్ల డిక్కీలో, సీటు వెనుక సీలు చేసిన బ్యాటరీనే వాడి, కదలకుండా పట్టీతో బిగించాలి.

మైకు ఆటోకు చవకైన దారి

ఆటోల ఆల్టర్నేటర్లు చిన్నవి. వాటిపై అదనపు భారం మోపడం కంటే మైకు సెట్టుకు వేరే బ్యాటరీని కేటాయించి, వాహనం వైరింగ్‌తో కలపకుండా వాడుకోవడం ఉత్తమం. రాత్రి ఇంటి వద్ద, గాలి ఆడేచోట మెయిన్స్ చార్జర్‌తో నింపుకోవచ్చు. 75 ఆంపియర్ అవర్ బ్యాటరీకి ఏడెనిమిది ఆంపియర్ల చార్జర్ చాలు. రిలే, పొడవాటి కేబుల్ ఖర్చు తప్పుతుంది. మైకు ఎంతసేపు మోగినా బండి ఇంటికి చేరుతుంది.

శబ్దానికీ హద్దుంది

2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకర్ వాడకానికి అధికారుల లిఖితపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాల్లో వాడకం నిషిద్ధం. నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు.

గుర్తుంచుకోవలసినవి

* ముందుగా ఇంజిన్ తిరుగుతుండగా, పాటలు మోగుతుండగా బ్యాటరీ వద్ద వోల్టేజీ కొలిపించాలి. 13.5కు తగ్గకపోతే ఆల్టర్నేటర్ భారాన్ని మోస్తున్నట్లే. 12.6 కంటే దిగువకు పడిపోతుంటే రెండో బ్యాటరీ వల్ల ప్రయోజనం ఉండదు. వోల్టేజీని కంప్యూటర్ నియంత్రించే కార్లకు ఈ అంకెలు వర్తించవు.
* పని మొదలుపెట్టేటప్పుడు మైనస్ తీగను మొదట విప్పాలి, చివర బిగించాలి.
* రెండు బ్యాటరీలూ ఒకే రకానివి, ఇంచుమించు ఒకే వయసువి అయితే మంచిది.
* పాత బ్యాటరీలో సీసం, ఆమ్లం ఉంటాయి. చెత్తలో పడవేయక, కొత్తది కొన్న దుకాణంలోనే అప్పగించాలి.