చీటీలో మొదటి పేరు

మా పెద్దబ్బాయి వలీమాలో స్నేహితుల ఫొటోలు ముగిసేసరికి చాలా ఆలస్యమైంది. మోకాళ్ల నొప్పితో కింద కూర్చున్న నానీమా అప్పటికే ఇంటికి వెళ్లిపోయారు. చిన్నబ్బాయి పెళ్లి నాటికి ఆమె లేరు. ఆల్బంలోనూ లేరు.

ఈసారి ముందుగానే చీటీ రాసుకున్నాము. మొదట దాదాజాన్, దాదీమా, పిదప తల్లిదండ్రులు, తోబుట్టువులు, స్నేహితులు చివర. పెద్దలను వేదిక మెట్లెక్కించలేదు, కొత్త దంపతులే వారి కుర్చీల వద్దకు వెళ్లారు. బంధువులందరినీ ఎరిగిన మామూజాన్ పేర్లు పిలిచారు. ఎవరు ఎవరికి ఏమవుతారో ఫొటోగ్రాఫర్‌కు ఎలా తెలుస్తుంది? స్త్రీల వైపు మహిళా ఫొటోగ్రాఫర్‌నే నియమించి, ఆ చిత్రాలు ఇతరుల ఫోన్లలోకి వెళ్లరాదని మాట తీసుకున్నాము. ఇషా అజాన్ వినబడగానే కెమెరాలు ఆపించాము. చీటీలో మిగిలిన ఇద్దరినీ నమాజు తరువాత దస్తర్‌ఖాన్ వద్దనే తీశారు.